క్లాసికల్ ఆర్డర్లను చేత్తో గీయడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి కొలతలు పట్టుకోవాలి?

మీరు ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరంలో ఉన్నారని, ఐదు క్లాసికల్ ఆర్డర్ల (గ్రీకు, రోమన్ కట్టడాల స్తంభాలకూ వాటిపై దూలభాగానికీ రూపం, కొలతలు చెప్పే పద్ధతులు: టస్కన్, డోరిక్, అయానిక్, కొరింథియన్, కాంపోజిట్) ప్లేట్లనూ, అంటే గ్రంథాల్లోని అచ్చుబొమ్మలనూ, ట్రేసింగ్ పేపర్ మీద ఎన్నోసార్లు దించుకున్నారని, అయినా ఖాళీ షీటు ముందు కూర్చుంటే బేస్ (స్తంభం కింది దిమ్మ) దాటగానే చెయ్యి ఆగిపోతోందని రాశారు. ఏ ఆర్డర్‌తో మొదలుపెట్టాలి, ఒక్కో గ్రంథంలో ఒక్కోలా ఉన్న కొలతల్లో వేటిని నమ్మాలి, క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) ఉండగా ఈ శ్రమ అవసరమా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, ట్రేసింగ్ ఆపేయండి. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా నియమం ఒక్కటే పట్టుకోండి. టస్కన్ ఒక్కటే తీసుకొని, మాడ్యూల్ (కొలతలన్నిటికీ మూలమైన ప్రమాణం) నుంచి లెక్కకట్టుకుంటూ ఖాళీ షీటు మీద దాన్ని నిర్మించండి. పుస్తకం మూసి టస్కన్‌ను మొత్తం గీయగలిగిన తరువాతే డోరిక్‌కు వెళ్లండి. కొరింథియన్ ఆకులు ఎంత ఊరించినా అంతవరకు వాటి జోలికి పోవద్దు.

నేను పాత కట్టడాల కొలత చిత్రాలు తీసి, వాటి మరమ్మతులకు డ్రాయింగులు సిద్ధం చేసే పనిలో ఉన్నాను. కొన్నేళ్లుగా విద్యార్థులకు ఈ పాఠం చెబుతున్నాను కూడా. ట్రేసింగ్ వల్ల రాని విద్య నిర్మించి గీయడం వల్ల ఎందుకు వస్తుందో పని అనుభవం నుంచి చెబుతాను. ట్రేస్ చేసేటప్పుడు చెయ్యి అంచుల వెంట పోతుంది కానీ, ఆ అంచు అక్కడే ఎందుకు ఉందన్న ప్రశ్న మనసుకు తట్టదు. గణాలూ యతిప్రాసలూ తెలియకుండా పద్యాన్ని బట్టీ పట్టినవాడికి మధ్యలో ఒక పదం జారిపోతే తిరిగి కూర్చుకోవడం ఎలా సాధ్యం కాదో, ఇదీ అంతే.

విన్యోలానే ఎందుకు అంటే, 1562లో వెలువడిన ఆయన గ్రంథంలో కొలతలన్నీ అడుగులలోనో అంగుళాలలోనో కాక, స్తంభం అడుగుభాగపు వ్యాసార్ధాన్ని ఒక మాడ్యూల్‌గా తీసుకొని దాని రెట్లలో, భాగాలలో చెప్పబడ్డాయి. అప్పటి ఇటలీలో ఊరూరికీ కొలబద్ద మారేది కాబట్టి అది ఆనాటి అవసరం. షీటు పరిమాణానికి తగ్గట్టు మాడ్యూల్ ఎంచుకుంటే చాలు కాబట్టి ఈనాడు అది విద్యార్థికి వరం. ఆయన మూల నియమం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: మొత్తం ఎత్తును 19 భాగాలు చేస్తే పెడస్టల్‌కు (స్తంభం కింది పీఠానికి) 4, స్తంభానికి 12, పైనున్న ఎంటాబ్లేచర్‌కు (స్తంభాలు మోసే అడ్డ దూలభాగానికి) 3 భాగాలు వస్తాయి. పెడస్టల్ లేకపోతే మొత్తం ఎత్తును 5 భాగాలు చేసి, పై భాగాన్ని ఎంటాబ్లేచర్‌కు ఇచ్చి మిగిలిన నాలుగూ స్తంభానికి ఉంచాలి. ఈ నిష్పత్తి ఐదు ఆర్డర్లకూ ఒకటే. మారేది స్తంభం ఎత్తు మాత్రమే: టస్కన్‌కు 14 మాడ్యూళ్లు, డోరిక్‌కు 16, అయానిక్‌కు 18, కొరింథియన్, కాంపోజిట్‌లకు 20. ఈ అంకెలు నోటికి వస్తే ఐదు ఆర్డర్ల అస్థిపంజరం మీ చేతిలో ఉన్నట్టే.

టస్కన్, డోరిక్‌లకు మాడ్యూల్‌ను 12 భాగాలుగానూ, మిగతా మూడింటికి 18 భాగాలుగానూ విభజిస్తారు. అయానిక్ నుంచి మోల్డింగులు (అంచుల వెంట ఉబ్బుగానో గుంటగానో సాగే పట్టీలు) సన్నబడతాయి కాబట్టి అక్కడ మరింత చిన్న భాగం కావాలి.

ఇక షీటు సంగతి. ఏ2 కార్ట్రిడ్జ్ షీటును నిలువుగా పెట్టి, టస్కన్‌కు మాడ్యూల్ 24 మిల్లీమీటర్లు తీసుకోండి. అప్పుడు ఒక భాగం సరిగ్గా 2 మిల్లీమీటర్లు అవుతుంది, లెక్క నోటితోనే సాగిపోతుంది. పెడస్టల్ లేకుండా మొత్తం పదిహేడున్నర మాడ్యూళ్లు, అంటే 420 మిల్లీమీటర్లు. చుట్టూ అంచు విడిచినా షీటులో హాయిగా పడుతుంది. డోరిక్‌కు కూడా ఇదే మాడ్యూల్ సరిపోతుంది. అయానిక్, కొరింథియన్‌లకు మాడ్యూల్‌ను 18 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఒక భాగం ఒక మిల్లీమీటరు అవుతుంది, 25 మాడ్యూళ్ల కొరింథియన్ కూడా 450 మిల్లీమీటర్లలో ఇముడుతుంది. పరికరాల విషయంలో ఎక్కువ ఖర్చు అక్కరలేదు. టీ-స్క్వేర్, రెండు సెట్ స్క్వేర్లు, వదులు లేని కంపాస్, డివైడర్, నిర్మాణ రేఖలకు 2హెచ్ పెన్సిల్, తుది రేఖలకు హెచ్‌బీ ఉంటే చాలు. వీటిలో ఒక్కదానికి మంచి ధర పెట్టదలిస్తే అది డివైడర్‌కు పెట్టండి.

గీసే క్రమం నేను ఇలా చెబుతాను. మొదట మధ్య అక్షం, ఆ తరువాత కింది నుంచి పైకి ఎత్తులన్నీ అడ్డగీతలుగా, ఆపైన అక్షం నుంచి వెడల్పులు, అన్నిటికంటే చివర మోల్డింగుల వంపులు. టస్కన్‌లో బేస్ ఒక మాడ్యూల్ ఎత్తు: కింద చదరపు ప్లింత్ 6 భాగాలు, దానిపై గుండ్రని టోరస్ 5, ఆపై సన్నని పట్టీ ఫిల్లెట్ 1. నడుమ షాఫ్ట్ (స్తంభం కాండం) 12 మాడ్యూళ్లు. పైన క్యాపిటల్ (స్తంభం తల) మళ్లీ ఒక మాడ్యూల్. మెడపట్టీ, ఫిల్లెట్‌తో కలిసిన ఒవోలో అనే ఉబ్బు వంపు, అబాకస్ అనే పై పలక అన్నవి తలా 4 భాగాలు పంచుకుంటాయి. ఎంటాబ్లేచర్‌లో కింది దూలమైన ఆర్కిట్రేవ్ 12 భాగాలు, నడుమ పట్టీ ఫ్రీజ్ 14, పైన ముందుకు వచ్చే చూరు లాంటి కార్నిస్ 16. ఇది కింది నుంచి పైకి రెండేసి భాగాలు పెరిగే వరుస కాబట్టి ఒకసారి గమనిస్తే మరచిపోవడం కష్టం.

వెడల్పుల దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. ఆర్కిట్రేవ్, ఫ్రీజ్‌ల ముఖం స్తంభం మెడ అంచుతో ఒకే నిలువు గీతలో ఉండాలి, అడుగు అంచుతో కాదు. టస్కన్ స్తంభం అడుగున అక్షం నుంచి 12 భాగాలు ఉంటే మెడ దగ్గర తొమ్మిదిన్నరకు సన్నబడుతుంది. ఫ్రీజ్ ముఖం కూడా అక్షం నుంచి తొమ్మిదిన్నర భాగాల దూరంలోనే నిలుస్తుంది. చక్కటి చెయ్యి ఉన్న ఒక విద్యార్థి గీసిన పోర్టికో (స్తంభాల ముఖమంటపం) ఎంత నీడ వేసినా తలబరువుగా కనిపించేది. అతను షాఫ్ట్ అడుగు అంచు నుంచి నిలువు గీతను పైకి లాగి దాని మీద ఆర్కిట్రేవ్‌ను కూర్చోబెట్టాడు. రెండున్నర భాగాలు లోపలికి జరపగానే అదే బొమ్మ నిలదొక్కుకుంది. ఇటువంటి పొరపాటు ఫోటోలు చూసి గీసేవారిలో మరీ ఎక్కువ, ఎందుకంటే కింది నుంచి తీసిన ఫోటోలో ఈ వరస కనిపించదు. కార్నిస్ ముందుకు చొచ్చుకువచ్చే దూరం విషయంలో, డోరిక్‌ను మినహాయిస్తే, అది ఇంచుమించు కార్నిస్ ఎత్తుతో సమానమని గుర్తుంచుకోండి. ఫ్రీజ్ పై అంచు నుంచి 45 డిగ్రీల గీత లాగితే కార్నిస్ కొస ఎక్కడికి చేరాలో తెలిసిపోతుంది. డోరిక్ కార్నిస్ మాత్రం దాని ఎత్తు కంటే బాగా ముందుకు వస్తుంది.

షాఫ్ట్ అంచును సరళరేఖగా గీయకండి. అడుగు నుంచి మూడో వంతు ఎత్తు వరకు అది నిటారుగా లేచి, అక్కడి నుంచి మెల్లగా లోపలికి వంగుతుంది. మూడో వంతు దగ్గర అడ్డగీత గీసి, దాని మీద అడుగు వ్యాసార్ధంతో అర్ధవృత్తం వేయండి. మెడ అంచు నుంచి నిలువు గీతను కిందికి దించితే అది అర్ధవృత్తాన్ని ఒకచోట తాకుతుంది. ఆ బిందువుకూ అర్ధవృత్తం కొసకూ మధ్యనున్న చాపాన్ని ఆరు సమభాగాలు చేసి, పైనున్న షాఫ్ట్ ఎత్తును కూడా ఆరు సమభాగాలు చేయండి. చాపం మీది మొదటి బిందువు నుంచి లేపిన నిలువు గీత మొదటి అడ్డగీతను, రెండోది రెండో అడ్డగీతను తాకే చోట్లను గుర్తించి, సన్నని బద్దను వంచి ఆ గుర్తులన్నిటినీ ఒకే ఊపులో కలపండి. ఫ్రెంచ్ కర్వ్‌తో ముక్కలు ముక్కలుగా కలిపితే కీళ్ల దగ్గర విరుపు కనిపిస్తుంది. ఈ వంపు ఎంత తక్కువగా కనిపిస్తే అంత బాగా గీసినట్టు. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే ఏదో తేడా జరిగిందన్నమాట.

మోల్డింగుల గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఆర్డర్లను నేర్చుకోవడం అంటే సగం మోల్డింగులను నేర్చుకోవడమే. మొత్తం ఎనిమిది ఆకారాలు తెలిస్తే చాలు: బల్లపరుపు ఫిల్లెట్, చిన్న గుండ్రని ఆస్ట్రగల్, పెద్ద గుండ్రని టోరస్, లోనికి తొలిచిన స్కోషియా, పావువృత్తంగా ఉబ్బిన ఒవోలో, పావువృత్తంగా లోపలికి పోయిన కవెట్టో, రెండు వంపుల సైమా రెక్టా, దాన్ని తిరగేసినట్టుండే సైమా రివర్సా. వీటిని రూపాన్ని బట్టి కాక చేసే పనిని బట్టి గుర్తుపెట్టుకోండి. ఒవోలో, సైమా రివర్సాల పై అంచు బలంగా ఉంటుంది కాబట్టి అవి పైనున్న బరువును మోసే చోట వస్తాయి. సైమా రెక్టా, కవెట్టోల పై అంచు పలచన, అందుకని అవి ఏ బరువూ లేని చోట, పైన ముగింపుగా వస్తాయి. టోరస్, స్కోషియాల చోటు బేస్‌లో. ఈ మూడు మాటలు మనసుకు పట్టిన తరువాత, మరచిపోయిన కార్నిస్‌ను కూడా చాలావరకు ఊహించి గీయవచ్చు: కరోనా అనే పెద్ద పలక కింద మోసే మోల్డింగు, దాని పైన ముగించే మోల్డింగు, ప్రతి రెండు వంపుల మధ్యా ఒక ఫిల్లెట్.

రోమన్ మోల్డింగులు వృత్త చాపాలతో ఏర్పడతాయి కాబట్టి కంపాస్‌తో గీయవచ్చు. గ్రీకు మోల్డింగుల వంపులు చదునుగా మొదలై అంచు దగ్గర చురుగ్గా తిరుగుతాయి, వాటికి కంపాస్ పనికిరాదు. మొదట కంపాస్‌తో గీసి, అదే పరిమాణంలో పక్కనే వట్టి చేత్తో గీసి పోల్చి చూడండి.

ప్రతి ఆర్డర్‌కూ పూర్తి ఎత్తు షీటుతో పాటు బేస్‌కు, క్యాపిటల్‌కు, కార్నిస్‌కు పెద్ద స్కేలులో వేరే షీట్లు వేయండి. దీనికి కారణం మరమ్మతు పనిలో బాగా తెలుస్తుంది. కోస్తాలో ఒక పాత బంగళా వరండా స్తంభాల బేసులు చాలావరకు రాలిపోయిన పరిస్థితిలో మా చేతికి వచ్చాయి. సున్నపు గచ్చుతో మోల్డింగు లాగాలంటే తాపీ మేస్త్రీకి అసలు పరిమాణంలో కత్తిరించిన రేకు అచ్చు కావాలి. తడి గచ్చు మీద ఆ అచ్చును లాగుతూ పోతే ఆకారం దానంతట అది తేలుతుంది. ఆ అచ్చు కత్తిరించడానికి మేము ఇచ్చింది చేత్తో గీసిన నిలువుకోత బొమ్మ. టోరస్‌కూ స్కోషియాకూ మధ్య ఫిల్లెట్ ఎంత వెనక్కి ఉండాలో చిన్న స్కేలు బొమ్మలో ఎవరూ పట్టించుకోరు, రేకు మీద మాత్రం తప్పించుకోవడానికి దారి లేదు.

డోరిక్‌లో కొత్తగా వచ్చేది ఫ్రీజ్‌లోని లయ. ట్రైగ్లిఫ్ (నిలువు గాళ్లు ఉన్న పలక) వెడల్పు ఒక మాడ్యూల్, మెటోప్ (రెండు ట్రైగ్లిఫ్‌ల మధ్య పలక) ఒకటిన్నర మాడ్యూళ్ల చదరం, కాబట్టి ఒక ట్రైగ్లిఫ్ మధ్య నుంచి తరువాతి దాని మధ్యకు రెండున్నర మాడ్యూళ్లు. ప్రతి స్తంభం అక్షం మీదా ఒక ట్రైగ్లిఫ్ రావాలి. అంటే స్తంభాల మధ్య దూరాన్ని మీ ఇష్టానికి పెట్టడం కుదరదు. అక్షం నుంచి అక్షానికి 5, ఏడున్నర, 10 ఇలా రెండున్నర గుణిజాల్లోనే ఉండాలి. విన్యోలా సాధారణ వరుసకు ఏడున్నర తీసుకుంటాడు. ఆయన ఇచ్చిన రెండు డోరిక్‌లలో డెంటిల్స్ (కార్నిస్ కింద పళ్లలా వచ్చే దిమ్మల వరుస) ఉన్నది రోమ్‌లోని మార్సెల్లస్ థియేటర్ నుంచి తీసుకున్నది. ముందు దాన్నే గీయండి, మ్యూట్యూల్స్ (కార్నిస్ అడుగున వచ్చే చదునైన దిమ్మలు) ఉన్న రెండోదానికి కార్నిస్ అడుగుభాగపు ప్లాన్ కూడా వేయవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. విన్యోలా డోరిక్ చేతికి వచ్చిందని ఏథెన్స్‌లోని గ్రీకు ఆలయం పార్థెనాన్‌ను గీయబోకండి. గ్రీకు డోరిక్‌కు బేస్ ఉండదు, పార్థెనాన్ స్తంభం ఎత్తు అడుగు వ్యాసానికి సుమారు అయిదున్నర రెట్లు మాత్రమే, మూల దగ్గర ట్రైగ్లిఫ్ అక్షం మీద కాక ఫ్రీజ్ చివరికంటా జరుగుతుంది, దాన్ని సర్దడానికి చివరి స్తంభాలు దగ్గరకు వస్తాయి. అది వేరే పాఠం.

అయానిక్‌లో అందరినీ భయపెట్టేది వొల్యూట్, అంటే క్యాపిటల్ పక్కల వచ్చే సుడిచుట్ట. దాన్ని షీటులోని అసలు స్కేలులో నేర్చుకోవాలని చూస్తే విసుగు తప్ప మరేమీ దక్కదు, ఎందుకంటే భాగం ఒక మిల్లీమీటరైతే కన్ను (సుడి నడిమి వృత్తం) వ్యాసం రెండే మిల్లీమీటర్లు, అందులో పన్నెండు కేంద్రాలు పట్టాలి. విడిగా ఒక షీటు మీద భాగానికి 10 మిల్లీమీటర్లు తీసుకోండి. వొల్యూట్ ఎత్తు 16 భాగాలు అంటే 160 మిల్లీమీటర్లు. కన్ను కేంద్రం పై నుంచి 9 భాగాలు దిగువన, కింది నుంచి 7 భాగాలు ఎగువన ఉంటుంది. కన్ను వృత్తంలో మూలలు పైకీ కిందికీ పక్కలకూ వచ్చేలా ఒక చదరాన్ని ఇమడ్చి, ఎదురెదురు భుజాల మధ్యబిందువులను కలిపే రెండు గీతలు గీసి, ఒక్కోదాన్ని ఆరు సమభాగాలు చేస్తే పన్నెండు కేంద్రాలు దొరుకుతాయి. బయటి నాలుగింటితో మొదటి చుట్టు, తరువాతి నాలుగింటితో రెండోది, లోపలి నాలుగింటితో మూడోది, ఒక్కో కేంద్రం నుంచి ఒక్కో పావు చాపం. చాపాలు కలిసే బిందువూ, ఆ రెండు చాపాల కేంద్రాలూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఇది పాటిస్తే విరుపు రాదు. విరుపు వచ్చిందంటే ముందటి చాపాన్ని ఆ రేఖ కంటే ముందో తరువాతో ఆపారన్నమాట. మూడో చుట్టు కన్ను అంచులో మెత్తగా కలిసిపోతే నిర్మాణం సరిగ్గా ఉన్నట్టు.

కొరింథియన్ క్యాపిటల్‌ను ఆకులతో మొదలుపెట్టేవారు దాన్ని ఎన్నటికీ పూర్తి చేయలేరని నా అభిప్రాయం. ముందు గంట ఆకారం, ముందు ప్లాన్. క్యాపిటల్ ఎత్తు 2 మాడ్యూళ్ల 6 భాగాలు. అందులో పైనున్న 6 భాగాలు అబాకస్‌వి. మిగిలిన రెండు మాడ్యూళ్లను మూడు సమానభాగాలు చేస్తే మొదటి గీత దగ్గర కింది వరుస ఆకుల తలలు, రెండో గీత దగ్గర పై వరుస తలలు, ఆ పైన చుట్టలు. ప్లాన్‌లో అబాకస్ మూలలు 4 మాడ్యూళ్ల కర్ణం గల చదరంలో కూర్చుంటాయి, దాని భుజాలు లోపలికి వంగుతాయి. వరుసకు ఎనిమిది చొప్పున రెండు వరుసల ఆకులు ఒకదాని సందులో మరొకటి వస్తాయి కాబట్టి ప్లాన్‌ను 16 ఆరాలుగా విభజించి, అక్కడి నుంచి ఎలివేషన్‌కు (ఎదుటి నుంచి కనిపించే బొమ్మకు) గీతలు దించండి. అప్పుడు పక్కకు తిరిగిన ఆకు ఎంత వెడల్పుగా కనిపించాలో ఊహించనక్కరలేదు. ఆకును మొదట నాలుకలా ఒక ముద్దగా గీసి, తల ముందుకు వంగిన తీరు కుదిరాకే తమ్మెలు, వాటి మధ్య కన్నాలు చెక్కండి. కాంపోజిట్‌కు విడిగా సమయం కేటాయించవద్దు. అయానిక్, కొరింథియన్ వచ్చినవారికి అది వచ్చినట్టే.

గ్రంథాల మధ్య తేడాల విషయానికి వస్తే, వాటిలో ఏదీ తప్పు కాదు కానీ ఒకే షీటు మీద రెండింటిని కలపకూడదు. ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కొరింథియన్ క్యాపిటల్ ఎత్తును స్తంభం అడుగు వ్యాసంతో సమానంగా, అంటే రెండు మాడ్యూళ్లుగా చెబుతాడు. విన్యోలాది అంతకంటే మాడ్యూల్‌లో మూడో వంతు ఎక్కువ. విన్యోలా కాలపు మరో ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో చెప్పిన కొరింథియన్ స్తంభం తొమ్మిదిన్నర వ్యాసాలు, దాని మీది ఎంటాబ్లేచర్ స్తంభంలో ఐదో వంతు. విన్యోలాది 10 వ్యాసాలు, నాలుగో వంతు. పల్లాడియో స్తంభం మీద విన్యోలా ఎంటాబ్లేచర్‌ను పెడితే అది తలకు మించిన బరువుగా కనిపిస్తుంది. మీకు విన్యోలా ఎంటాబ్లేచర్ మరీ బరువనిపిస్తే (నాకు కొన్నిసార్లు అనిపిస్తుంది), ఐదు ఆర్డర్లూ పూర్తయ్యాక పల్లాడియోను మొదటి నుంచి చివరి దాకా గీయండి.

మీరు హైదరాబాద్ దగ్గర ఉంటే కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ పోర్టికోను తప్పక చూడండి. అక్కడ బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, మద్రాస్ ఇంజనీర్స్‌కు చెందిన శామ్యూల్ రస్సెల్ దాన్ని రూపొందించాడు. అది కొరింథియన్. ముందుగా అనుమతి తీసుకొని స్కెచ్‌బుక్‌తో వెళ్లి, అక్కడ కనిపించేదాన్ని మీరు నేర్చుకున్న నియమంతో పోల్చండి. ఇటుక కట్టడం మీద గచ్చుతో తీర్చిన మోల్డింగులకు రాతి మోల్డింగుల పదును ఉండదు, ఏళ్ల తరబడి పడిన సున్నపు పూతలు ఉన్న పదునును కూడా మొద్దుబారుస్తాయి. అందుకే మన దగ్గరి కట్టడాల కొలతలు పుస్తకంతో అక్షరాలా సరిపోలవు. నియమం తెలిసి వెళ్లినవారికి ఆ తేడాలో ఏది రూపకర్త నిర్ణయమో, ఏది పూతల ఫలితమో విడదీసి చూడటం సాధ్యమవుతుంది.

నీడల పని చివరికి ఉంచండి. వెలుతురు ఎడమ పై నుంచి, ప్లాన్‌లోనూ ఎలివేషన్‌లోనూ 45 డిగ్రీల కోణంలో వస్తుందన్నది సంప్రదాయం. దాని లాభం ఏమిటంటే, గోడ నుంచి ఒక అంచు ఎంత ముందుకు వస్తే దాని నీడ గోడ మీద అంతే కిందికి పడుతుంది.

క్యాడ్ విషయం. చేత్తో గీయడం పవిత్రమని నేను అనను, నా కార్యాలయంలో తుది డ్రాయింగులన్నీ క్యాడ్‌లోనే వెళతాయి. అయితే క్యాడ్‌లో ఎంతకైనా జూమ్ చేయవచ్చు కాబట్టి, అర మిల్లీమీటరు ఫిల్లెట్‌కూ ఐదు మిల్లీమీటర్ల టోరస్‌కూ తెర మీద ఒకే ప్రాముఖ్యం వస్తుంది, ఏది కంటికి ఆనుతుందో ఏది ఆనదో తెలియదు. కాగితం మీద పెన్సిల్ మొన మందమే ఆ సంగతి చెప్పేస్తుంది. కాబట్టి టస్కన్, డోరిక్, వొల్యూట్ చేత్తో వచ్చాక క్యాడ్‌లో మళ్లీ నిర్మించండి, అదీ ప్లేటును స్కాన్ చేసి దాని మీద గీతలు లాగడం కాకుండా, మాడ్యూల్ అంకెలను టైపు చేస్తూ. పూర్తయ్యాక అదే ఏ2 స్కేలులో ప్రింటు తీసి మీ పెన్సిల్ షీటు పక్కన పెట్టి, మొదట ఫ్రీజ్ ముఖం మెడతో వరుసలో ఉందో లేదో, ఆ తరువాత షాఫ్ట్ వంపు ఎక్కడ మొదలైందో చూడండి.